వసంతంలో డాల్మేషియా తీరం: ఒక ప్రయాణ ప్రణాళిక సేవపై సమీక్ష

ఏప్రిల్ మొదటి పది రోజుల్లో క్రొయేషియాలోని డాల్మేషియా తీరాన ఉన్న జాదర్, స్ప్లిట్, డుబ్రోవ్నిక్ నగరాలను చూసి రావాలని నిశ్చయించుకున్నాము. విమాన టికెట్లు, బసలు, వీసా కాగితాలు, స్థానిక గైడు వంటివన్నీ సొంతంగా చూసుకునే తీరిక లేనందున ఆ పనిని ఒక ప్రయాణ ప్రణాళిక సంస్థకు అప్పగించాము. నేను, నా భార్య, 68 ఏళ్ల మా అమ్మ కలిసి వెళ్లాము. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. వాళ్లు చేసిన మంచి పనులు, చేసిన పొరపాట్లు ఇలాంటి సేవ తీసుకునే ఎవరికైనా ఎదురయ్యేవే కాబట్టి, ఆ సేవ ఎలా ఉందో వివరంగా రాస్తే చాలుననిపించింది.

వాళ్ల ప్రణాళికలో నాకు అన్నిటికన్నా నచ్చింది దిశ. జాదర్‌లో దిగి, తీరం వెంట దక్షిణంగా సాగి, డుబ్రోవ్నిక్ నుంచి తిరుగు విమానం ఎక్కేలా టికెట్లు తీశారు. డుబ్రోవ్నిక్‌కు రైలు మార్గం లేదు. స్ప్లిట్ వరకు రైలు వస్తుంది గాని, అక్కడి నుంచి బస్సు, కారు లేదా ఓడ తప్ప దారి లేదు. రాకపోకలు రెండూ ఒకే విమానాశ్రయం నుంచి పెట్టుకున్నవాళ్లు ఒక రోజు మొత్తం వెనక్కి తిరిగే ప్రయాణానికే పోగొట్టుకుంటారు. మాకు ఆ రోజు మిగిలింది.

బసల ఎంపిక కూడా ఆలోచించి చేసిందే. స్ప్లిట్‌లో మా గది డయోక్లీషియన్ రాజప్రాసాదం గోడల లోపలే ఉంది. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రీ.శ. 305లో సింహాసనాన్ని తనంతట తాను వదులుకుని వచ్చి నివసించిన ఆ ప్రాసాదం ఇప్పటికీ ఊరే. అందులో జనం కాపురాలు ఉంటున్నారు, కిటికీల మధ్య తాళ్ల మీద బట్టలు ఆరేస్తున్నారు. క్రైస్తవులను తీవ్రంగా హింసించిన ఆ చక్రవర్తి సమాధి మందిరమే తర్వాతి కాలంలో కెథెడ్రల్ అయింది. దాని ముంగిట ఈజిప్టు నుంచి తెప్పించిన నల్లరాతి స్ఫింక్స్ ఇప్పటికీ కూర్చుని ఉంది. పగటిపూట అక్కడ నిలబడి చూసే చోటు దొరకడం కష్టం. ఉదయం ఆరున్నరకు మేము గది తలుపు తీసుకుని నాలుగడుగులు వేసేసరికి ఆ ఆవరణలో చీపురు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ప్రాసాదం గోడల లోపల బస కోసం చెల్లించిన అదనపు డబ్బుకు అసలైన ప్రతిఫలం అదే. ఊరి బయట చవకైన హోటలు తీసుకుని ఉంటే ఆ గంట మాకు దక్కేది కాదు.

డుబ్రోవ్నిక్‌లో పాత నగరం లోపలి ఇళ్లకు చాలావరకు మెట్ల సందులే దారి అని, సామాను మోయలేనివాళ్లు పాత నగరపు ప్రధాన వీధి స్ట్రాడున్‌కు దగ్గరగా ఉన్న గది తీసుకోవాలని ముందే రాసి పంపారు. అమ్మ వయసు తెలుసుకుని, రెండో అంతస్తులోని గదికి బదులు కింది అంతస్తు గదిని కుదిర్చారు. ఫోనులో ఒక్కసారి చెప్పిన మాటను గుర్తుంచుకుని చేసిన ఈ పనికి వాళ్లకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పాను, ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

ఇక లోపాల విషయానికి వస్తాను. వీళ్లకు ఊళ్లు బాగా తెలుసు గాని, ఆ ఊళ్లలో ఏ వేళకు ఉండాలో, ఏ నెలలో ఏది నడుస్తుందో తెలియదు. వసంతకాలపు ప్రయాణంలో ఈ లోటు వేసవిలో కన్నా ఎక్కువగా దెబ్బతీస్తుంది. వేసవిలో ఓడలన్నీ తిరుగుతాయి, అన్నీ తెరిచి ఉంటాయి, పొద్దుపోయే వరకు వెలుగుంటుంది. ఏప్రిల్‌లో అలా కాదు.

జాదర్‌నే తీసుకుందాం. ప్రణాళిక ప్రకారం మేము ఉదయం ఆ నగరం చూసి, సాయంత్రం నాలుగు గంటల బస్సుకు స్ప్లిట్ బయలుదేరాలి. రోమన్ ఫోరం శిథిలాల రాళ్లనే పునాదిగా చేసుకుని 9వ శతాబ్దంలో కట్టిన సెయింట్ డొనాటస్ చర్చిని చూడడానికి ఆ సమయం సరిపోతుంది. అయితే జాదర్ సముద్రపుటొడ్డున 2005లో వాస్తుశిల్పి నికోలా బాషిచ్ కట్టిన సముద్ర వాద్యాన్ని వినవలసిన వేళ, ఆ పక్కనే ఆయన 2008లో నేలలో అమర్చిన సౌర ఫలకాల వలయం వెలిగే వేళ సూర్యాస్తమయం. ఏప్రిల్ మొదటివారంలో అక్కడ పొద్దు గుంకేది ఏడు దాటాకే. సూర్యాస్తమయానికి పేరుపడ్డ ఊరి నుంచి నాలుగింటికే పంపించే ప్రణాళికను ఆ ఊళ్లో ఒక్క సాయంత్రం గడిపినవారెవరూ రాయరు.

మేము బస్సు టికెట్లు వదులుకుని, సొంత ఖర్చుతో ఆ రాత్రి అక్కడే ఉండిపోయాము. సముద్ర వాద్యం బయటికి మామూలు పాలరాతి మెట్లలాగే కనబడుతుంది. ఆ మెట్ల కింద 35 గొట్టాలున్నాయి. అల వచ్చి తగిలినప్పుడు లోపలి గాలి నెట్టుకుని వచ్చి ఆ గొట్టాల్లో స్వరం పలుకుతుంది. ఏ రెండు అలలూ ఒక్కలాంటివి కావు కాబట్టి ఏ స్వరం ఎప్పుడు పలుకుతుందో చెప్పలేము. ఒక పడవ దూరంగా వెళ్లిన కాసేపటికి దాని అలలు ఒడ్డుకు చేరి, అంతవరకు మంద్రంగా ఊపిరి తీస్తున్నట్టున్న శబ్దం ఒక్కసారిగా నాలుగైదు స్వరాలై లేచింది. అమ్మ చెప్పులు విప్పి మెట్టు మీద కూర్చుని, అరచేయి రాతికి ఆనించి, “రాయి అదురుతోందిరా, చెయ్యి పెట్టి చూడు” అంది. నేనూ పెట్టి చూశాను. నిజంగానే సన్నగా అదురుతోంది.

రెండో పొరపాటు ఓడ విషయంలో జరిగింది. స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్‌కు దీవుల మీదుగా వెళ్లే వేగపు ఓడలో ప్రయాణమని కాగితం మీద రాశారు. ఈ మార్గంలో ఓడలు ఏడాది పొడవునా నడవవు, పర్యాటక కాలంలోనే నడుస్తాయి. మా తేదీకి ఆ సర్వీసు ఇంకా మొదలే కాలేదన్న సంగతి, స్ప్లిట్ చేరాక టికెట్ గురించి మేమే అడిగితే బయటపడింది. ఆ సంగతి తెలిసిన రెండు గంటల్లో సంస్థవాళ్లు బస్సులో సీట్లు కుదిర్చి, ఓడకు తీసుకున్న డబ్బు తిరిగి జమ చేశారు. పొరపాటును దాచకుండా, సాకులు చెప్పకుండా సరిదిద్దిన తీరు మెచ్చుకోదగినదే. అయినా, గత వేసవిలో వెళ్లినవాళ్ల కాగితాన్ని తేదీలు మార్చి మాకు ఇచ్చారన్నది ఆ రోజే అర్థమైంది. అందులోనే ఇంకో ఆనవాలు కూడా ఉంది. దారిలో బోస్నియా సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు చూపించాలని రాశారు. క్రొయేషియా తీరాన్ని రెండుగా చీలుస్తూ న్యూమ్ దగ్గర బోస్నియా భూభాగం సముద్రం దాకా వస్తుంది. ఒకప్పుడు ఆ ముక్కను దాటక తప్పేది కాదు. 2022 జులైలో పెల్యెషాత్స్ వంతెన తెరిచాక, దాని మీదుగా వెళ్లే బస్సులు క్రొయేషియా దాటకుండానే డుబ్రోవ్నిక్ చేరుతున్నాయి. దాదాపు 2.4 కిలోమీటర్ల ఆ వంతెన మీద మా బస్సు వెళ్తున్నప్పుడు రెండు వైపులా కనిపించిన నీలిరంగు చూశాక, ఓడ తప్పిపోయిందన్న బాధ చాలావరకు తీరింది.

మూడో పొరపాటు అన్నిటికన్నా పెద్దది. భారత పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు దీన్ని శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను. డుబ్రోవ్నిక్ నుంచి ఒక రోజు పొరుగు దేశం మాంటెనెగ్రోలోని కోటోర్ వెళ్లి రావడం మా ప్రణాళికలో ఉంది. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంజెన్ ప్రాంతంలో (ఒకే వీసాతో, మధ్యలో సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగల యూరప్ దేశాల కూటమిలో) ఉంది, యూరోను కూడా అదే రోజు స్వీకరించింది. మాంటెనెగ్రో షెంజెన్‌లో లేదు. చెల్లుబాటులో ఉన్న షెంజెన్ వీసా చూపిస్తే మాంటెనెగ్రోలోకి రానిస్తారు, అందులో ఇబ్బంది లేదు. చిక్కంతా తిరిగి రావడంలోనే ఉంది. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసాతో షెంజెన్ దాటి బయట అడుగు పెడితే, ఆ వీసా పని అక్కడితో సరి. సాయంత్రం డుబ్రోవ్నిక్‌లోని మన గదికి, మన సామానుకు తిరిగి చేరే హక్కు ఉండదు. సంస్థవాళ్లు మా వీసా దరఖాస్తుకు జతచేసిన ప్రయాణ వివరాల్లో కోటోర్ ఊసే లేదు, దరఖాస్తులో అడిగింది కూడా ఒకే ప్రవేశం. పాస్‌పోర్టులు చేతికి వచ్చాక వీసా కాగితం మీద ప్రవేశాల సంఖ్య దగ్గర 01 అని ఉండటం నా భార్య గమనించింది గాబట్టి సరిపోయింది. గమనించకుండా ఆ రోజు బస్సెక్కి ఉంటే, అమ్మను వెంటబెట్టుకుని సరిహద్దులో ఏం చేసేవాళ్లమో ఊహించుకోవడానికే భయం వేస్తుంది. బసలు, టికెట్లు, 30 వేల యూరోల వైద్య బీమా కాగితం అన్నీ సక్రమంగా సిద్ధం చేసిన మనుషులు, తాము రాసిన ప్రణాళికను తాము నింపిన దరఖాస్తుతో ఒక్కసారి సరిపోల్చుకోకపోవడాన్ని చిన్న పొరపాటని అనలేను.

కోటోర్ రద్దయిన రోజున మేము స్టోన్ వెళ్లాము. ఆ సలహా డుబ్రోవ్నిక్‌లో సంస్థ కుదిర్చిన గైడు ఇచ్చింది. గంట బస్సు ప్రయాణం. ఊరు చాలా చిన్నది, దాన్ని చుట్టి కొండ ఎక్కి దిగే రాతిగోడ మాత్రం 5 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 14వ శతాబ్దంలో ఈ ప్రాంతం డుబ్రోవ్నిక్ గణరాజ్యం చేతికి వచ్చాక ఇంత గోడ కట్టింది ప్రధానంగా అక్కడి ఉప్పు మడులను కాపాడుకోవడానికే. ఉప్పు ఆ గణరాజ్యానికి పెద్ద ఆదాయం. ఆ మడులు ఇప్పటికీ పనిలో ఉన్నాయి. ఉప్పు తీసేది వేసవిలో కాబట్టి మేము వెళ్లేసరికి మడుల నిండా నీళ్లే ఉన్నాయి, వాటిలో కొండ మీది గోడ నీడ తలకిందులుగా కదలకుండా నిలబడి ఉంది. నేను, నా భార్య గోడ మీద కొంత దూరం ఎక్కి దిగేలోగా, అమ్మ మడుల గట్టు పక్కన నీడలో కూర్చుంది. ప్రణాళికలో లేని ఈ రోజే మా ముగ్గురికీ ఎక్కువగా గుర్తుండిపోయింది.

డుబ్రోవ్నిక్ నగర గోడల గురించి చెప్పాలంటే, అక్కడ గైడు చేసిన మేలు చాలా ఉంది. ప్రణాళికలో గోడల నడకను మధ్యాహ్నం పెట్టారు. ఆమె దాన్ని మార్చి, పిలె ద్వారం దగ్గర తెరిచే వేళకే మమ్మల్ని నిలబెట్టింది. నౌకా విహారపు ఓడలు ఒకేసారి రెండుకు మించి రాకుండా నగరం కొన్నేళ్లుగా కట్టడి పెట్టుకున్నా, ఆ రెండు ఓడల జనం దిగాక గోడ మీద ఒకరి వెనుక ఒకరు నడవవలసిందే. మొత్తం చుట్టుకొలత 1,940 మీటర్లు, ఒకే దిశలో నడవాలి, మధ్యలో మెట్లు చాలా ఉన్నాయి, నీడ దాదాపు లేదు. పైనుంచి చూస్తే ఇళ్ల కప్పుల పెంకులు రెండు రంగులుగా కనిపిస్తాయి. ఎండకు వానకు వెలిసి లేత గోధుమరంగుకు దిగినవి పాతవి, ముదురు నారింజరంగులో మెరిసేవి కొత్తవి. క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో 1991, 92 సంవత్సరాల్లో జరిగిన ముట్టడిలో ఫిరంగి గుండ్లు పడిన ఇళ్లకు తిరిగి కప్పినవి ఆ కొత్త పెంకులు. చూస్తే కొత్తవే ఎక్కువ. మేము నడిచిన రోజు ఏప్రిల్ 6. 1667లో ఇదే తేదీన వచ్చిన భూకంపం నగరంలో ఎక్కువ భాగాన్ని నేలమట్టం చేసిందని, స్ట్రాడున్ వెంట ఒకే తీరుగా కనిపించే ఇళ్లన్నీ ఆ తర్వాత ఒక పద్ధతి ప్రకారం కట్టినవని, ఆ భూకంపాన్ని తట్టుకున్న స్పొంజా ప్రాసాదం అదిగో అని ఆమె గోడ మీది నుంచే చూపించింది. మంచి గైడు దొరికితే తేదీ కూడా పాఠమవుతుంది.

డబ్బు సంగతి ఒకటి. సంస్థవాళ్లు గోడలకు విడిగా టికెట్లు కొన్నారు. గోడల టికెట్‌కు, నగర పాస్‌కు ధరలో పెద్ద తేడా ఉండదు. పాస్‌లో గోడలతో పాటు పాత గణరాజ్య పాలకుడి నివాసమైన రెక్టర్ ప్రాసాదం, నగర బస్సు ప్రయాణం కూడా కలుస్తాయి. అమ్మ గోడ ఎక్కలేదు కాబట్టి ఆమెకు కొన్న టికెట్ వృథా అయింది. ఎక్కగలరా అని ముందు అడిగి ఉంటే బాగుండేది.

వాతావరణం గురించి వాళ్లు ఇచ్చిన సూచనలు సరిగ్గా ఉన్నాయి. సముద్రం చల్లగా ఉంటుందని, స్నానాల ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పారు. దక్షిణపు గాలి వీస్తే వాన, ఈశాన్యపు గాలి వీస్తే గడగడలాడించే చలి అన్నది కూడా నిజమే అయింది. శతాబ్దాల పాదాల రాపిడికి అద్దంలా నునుపెక్కిన స్ట్రాడున్ రాళ్లు వానలో జారుతాయన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. అమ్మ ఒకసారి పడబోయి నా భుజం పట్టుకుంది. పట్టున్న అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి.

ఈ సంస్థను మళ్లీ ఆశ్రయిస్తానా అంటే, బసలకు, గైడుకు ఆశ్రయిస్తాను. ఓడల వేళలను ఆ ఓడలు నడిపేవాళ్ల పట్టికలో నేనే చూసుకుంటాను, వీసా దరఖాస్తును సంతకం చేసే ముందు ప్రణాళిక పక్కన పెట్టుకుని వరుసవారీగా చదువుతాను. తిరిగి వచ్చాక ఈ మూడు పొరపాట్లనూ వాళ్లకు రాసి పంపాను. కోటోర్ ప్రయాణపు డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చారు. జాదర్‌లో మేము పెట్టుకున్న అదనపు రాత్రి ఖర్చు మాత్రం ఇవ్వలేదు, మేము కోరి ఉన్నాము కాబట్టి అందులో తప్పు పట్టను. ఇకపై వసంతంలో వెళ్లేవాళ్లకు జాదర్‌లో ఒక రాత్రి బస కలిపే కాగితం తయారుచేశామని చెప్పి, ఒక ప్రతి నాకు పంపారు. అందులో బోస్నియా సరిహద్దు మాట తీసేశారు, స్టోన్‌కు ఒక పూట చేర్చారు, సూర్యాస్తమయ వేళ కూడా రాశారు.