ఫోకరా, బ్లెన్‌హైమా? ఫిన్లాండ్‌కి ఏ నిఘా విమానం మేలు

1936లో ఫిన్లాండ్ వైమానిక దళం రెండు బేరాలు కుదుర్చుకుంది. నెదర్లాండ్స్ నుంచి నాలుగు ఫోకర్ సి-10 విమానాలు, వాటితో పాటు అదే విమానాన్ని సొంతంగా తయారు చేసుకునే లైసెన్సు. బ్రిటన్ నుంచి 18 బ్రిస్టల్ బ్లెన్‌హైమ్‌లు. అప్పటికి దేశ జనాభా నలభై లక్షల లోపే, పక్కనేమో సోవియట్ యూనియన్. ఇలాంటి దేశానికి యుద్ధం వస్తే తుపాకుల కంటే ముందు కళ్లు కావాలి. అవతలివాళ్లు ఎక్కడ పోగవుతున్నారు, ఏ దారిన వస్తున్నారు అన్నది ముందే తెలియకపోతే ఉన్న కొద్దిమంది సైన్యాన్ని ఎక్కడ పెట్టాలో తేలదు.

అసలు ఆ దళం పుట్టిందే ఒక నిఘా విమానంతో. 1918 మార్చి 6న స్వీడన్‌కి చెందిన ఎరిక్ ఫాన్ రోసెన్ అనే కౌంట్ (జమీందారీ బిరుదు) రెండు సీట్ల థూలిన్ విమానం ఒకటి బహుమతిగా ఇచ్చాడు. దాని రెక్కల మీద ఆయన తనకు అదృష్టమని నమ్మే నీలిరంగు స్వస్తిక్ ఉంది. అదే ఫిన్లాండ్ విమానాలన్నిటికీ గుర్తుగా 1945 దాకా సాగింది. పాత ఫొటోల్లో ఆ గుర్తు చూసి ఇవి జర్మన్ విమానాలేమో అనుకునేవాళ్లు చాలామంది. ఇది పెట్టింది హిట్లర్ పార్టీ పుట్టకముందు. ఆ కౌంట్ తర్వాత నాజీల వైపు మొగ్గాడు, అది వేరే కథ.

ముందు ఫోకర్ సంగతి. పుస్తకాల్లో సి.ఎక్స్ అని కనిపించేది ఇదే, ఆ ఎక్స్ రోమన్ పది. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, ముందు పైలట్, వెనక అబ్జర్వర్. యుద్ధం మొదలయ్యేనాటికే పాతబడిన రూపం. డచ్ వాళ్లు ఇందులో నీటితో చల్లబడే కెస్ట్రెల్ ఇంజిన్ వాడితే, ఫిన్‌లు గాలితో చల్లబడే పెగాసస్ పెట్టుకున్నారు. మైనస్ నలభైలో అదొక నిశ్చింత, గడ్డకట్టడానికి ఇంజిన్‌లో నీళ్లే ఉండవు. చక్రాలు తీసి స్కీలు తగిలిస్తే గడ్డకట్టిన ఏ సరస్సయినా రన్‌వేనే. టాంపెరేలోని ప్రభుత్వ విమాన ఫ్యాక్టరీ మొదట 30, మళ్లీ 1942లో ఇంకో అయిదు కట్టింది. కొన్నవాటితో కలిపి మొత్తం 39.

ఫ్రంట్‌కి దగ్గర్లో పనికి దీన్ని మించింది లేదు. కమాండర్ గుడారానికి ఆనుకునే సరస్సు ఉంటుంది, విమానం అక్కడే దిగుతుంది, అబ్జర్వర్ మ్యాప్ పట్టుకుని నేరుగా లోపలికి వెళ్లి చూసింది చెబుతాడు. ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి సరిదిద్దడానికి కూడా నిదానంగా ఎగరడమే మంచిది.

ఆ నిదానమే ప్రాణం మీదికి తెచ్చేది. ఫోకర్ గరిష్ఠ వేగం గంటకు 340 కి.మీ. లోపు. సోవియట్ ఐ-16 ఫైటర్ 440 పైన పోగలదు. దాని కంట్లో పడితే మబ్బులే దిక్కు. అందుకే 1939 నవంబరు 30న మొదలై 105 రోజులు సాగిన చలికాలపు యుద్ధంలో ఫోకర్లు పట్టపగలు పని తగ్గించుకుని మసక వెలుతురులోకీ, రాత్రుల్లోకీ జరిగిపోయాయి. చీకట్లో మంటలు కనిపిస్తాయి, లారీల లైట్లు కనిపిస్తాయి. ఫొటో మాత్రం రాదు.

ఈ ఫొటో దగ్గరే బ్లెన్‌హైమ్ గెలిచిందని నా లెక్క. రెండు ఇంజిన్లు, ముగ్గురు మనుషులు, 450 దాకా వేగం, ఫోకర్‌కి దాదాపు రెట్టింపు దూరం. పేరుకి బాంబర్, కానీ శత్రువు వెనక రైల్వే స్టేషన్ల దాకా పోయి ఫొటోలు తీసుకొచ్చే సత్తా మొదట్లో దానికే ఉంది.

ఫొటో ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క. 20 సెంటీమీటర్ల లెన్సు ఉన్న కెమెరాతో 2,000 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా కిందికి తీస్తే వచ్చే బొమ్మ స్కేలు 1:10,000. అంటే ఫిల్ము మీద ఒక మిల్లీమీటరు నేల మీద పది మీటర్లు. ఒక ఫిరంగి గొయ్యి అంతా కలిపి ఆవగింజంత. ఒక ఫొటోకీ దాని తర్వాతి ఫొటోకీ సగానికి పైగా ఒకే నేల కనిపించేలా వరసగా తీస్తారు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి స్టీరియోస్కోప్ అనే జంట కటకాల పరికరంలోంచి చూస్తే చెట్లు, ఇళ్లు, గుంటలు లేచి నిలబడతాయి. చలికాలంలో ఇంకో లాభం ఉంది. మంచు మీద ఏదీ దాగదు. ఫిరంగి పేలిన ప్రతిసారీ గొట్టం ముందు మంచు నల్లబడుతుంది. తెల్లటి కప్పు వేసి ఫిరంగిని దాచినా ఆ నల్లటి మరక పట్టిచ్చేస్తుంది. స్కీల గీతలు అడవిలోకి వెళ్లి తిరిగి రాలేదంటే లోపల ఎవరో ఉన్నట్టే. అబ్జర్వర్ కంటికి క్షణంపాటు కనపడి జారిపోయేది ఇక్కడ బల్ల మీద ఉంటుంది, పదిసార్లు చూడొచ్చు, గుండు ఎక్కడ వేయాలో కొలవొచ్చు. ఫిన్లాండ్ ఫిరంగి దళాన్ని తీర్చిదిద్దిన జనరల్ విల్హో నెనొనెన్‌కి మ్యాపులంటే, విమాన ఫొటోలంటే అంత పట్టింపు ఊరికే రాలేదు.

బ్లెన్‌హైమ్‌తో మన హైదరాబాద్‌కీ ఒక చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో విమానాలు సమకూరిన బ్రిటిష్ దళానికి 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అని పేరు. 1939 సెప్టెంబరు 4న జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన తొలి దాడికి వెళ్లిన బ్లెన్‌హైమ్‌లలో ఆ దళానివీ ఉన్నాయి. ముందురోజు ఆ నౌకలను ఫొటో తీసుకొచ్చింది కూడా మరో దళపు బ్లెన్‌హైమే.

మరి దాని ఖర్చు? అదే అసలు చిక్కు. ఒక బ్లెన్‌హైమ్ రెండు మెర్క్యురీ ఇంజిన్లు తింటుంది. టాంపెరేలోనే ఆ ఇంజిన్లు తయారవుతున్నా చాలలేదు. చివరికి 1941లో కట్టిన 50 ఫోకర్ డి-21 ఫైటర్లకు అవి దొరక్క, వేరే అమెరికన్ ఇంజిన్ బిగించాల్సి వచ్చింది. దాంతో ఆ ఫైటర్లు నెమ్మదించాయి. తమాషా ఏమిటంటే, వాటిలో చాలా భాగం తర్వాత నిఘా దళాలకే వచ్చి చేరాయి. ఇక గడ్డకట్టే చలిలో మెకానిక్‌ల పాట్లు. విమానం దిగగానే వేడిగా ఉన్నప్పుడే ఇంజిన్ ఆయిల్ కిందికి దించాలి, మళ్లీ ఎగిరే ముందు కాచి పోయాలి, ఇంజిన్ మీద గుడారం కప్పి లోపల వేడి పెట్టాలి. ఫోకర్‌కి ఇదంతా ఒకసారి, బ్లెన్‌హైమ్‌కి రెండుసార్లు. పైగా డిసెంబరు రెండో సగంలో హెల్సింకీలోనే పగలు ఆరు గంటలకు మించదు. ఫొటోకి వెలుతురు ఉండే ఆ కాస్త సమయం దాటితే ఇంత ఖరీదైన విమానం ఖాళీయే. ఖాళీగా ఉంచుతారా? బాంబులు వేయడానికి పంపుతారు. నిఘాకి కావాల్సిన రోజున అది వేరే పనిలో ఉంటుంది.

మధ్యలో ఇంకొన్ని వచ్చాయి. లైసాండర్‌లు కొన్ని: చిన్న చోట లేస్తాయి, దిగుతాయి, అంతకంటే చెప్పుకోవడానికి లేదు. గ్లాడియేటర్లు 30: ఫైటర్లుగా పాతబడ్డాక నిఘాకి మళ్లించారు. సోవియట్‌తో 1941లో మళ్లీ మొదలైన యుద్ధంలో, 1943 ఫిబ్రవరిలో, శత్రువు మూర్మన్స్క్ రైలు మార్గం మీద నిఘాకి వెళ్లిన హోకాన్ స్ట్రోంబెర్గ్ గ్లాడియేటర్‌తో ఒక సోవియట్ ఆర్-5 విమానాన్ని కూల్చాడు. ప్రపంచంలో గ్లాడియేటర్ సాధించిన ఆఖరి గెలుపు అదే.

1944 నాటికి బ్లెన్‌హైమ్ కూడా ఫోకర్ స్థితికే వచ్చింది. సోవియట్ లా-5 ఫైటర్లు 600కి దగ్గరగా పోతున్నాయి. అప్పుడు పగటి ఫొటోలకు అన్నిటికంటే పనికొచ్చింది శత్రువు చేసిన పీఈ-2 బాంబర్. గంటకు 540 కి.మీ. వరకు వేగం. నిజంగా దానికే మార్కులు వేయాలి, కానీ ఫిన్లాండ్ దగ్గర ఉన్నవి ఏడంటే ఏడు, చాలావరకు జర్మన్ల యుద్ధ లూటీ నుంచి కొన్నవి. ఒకటి కూలితే ఏడో వంతు పోయినట్టే. అందుకని వాటిని పంపేటప్పుడు మెస్సర్‌స్మిట్ ఫైటర్లను కాపలాగా తోడిచ్చేవారు.

ఆ యుద్ధంలో ఫిన్లాండ్ పక్కన నిలిచిన జర్మనీ ఇచ్చినవీ ఉన్నాయి: 1942లో జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ ఇచ్చిన 15 డోర్నియర్ బాంబర్లు, 1943లో కొన్న 24 యుంకర్స్-88 బాంబర్లు. మంచి విమానాలే. కానీ ఎరువు సొమ్ము బరువు చేటు అన్నట్టు, 1944 సెప్టెంబరులో సోవియట్‌తో సంధి కుదిరాక అదే జర్మన్లను దేశానికి ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్ నుంచి తరమాల్సి వచ్చింది. విమానాలు ఉన్నాయి, స్పేర్ పార్టులు ఇచ్చేవాడితోనే యుద్ధం.

1936లో ఒకటే కొనగలిగితే ఏది కొనేవాళ్లమని ఎవరైనా అడిగితే, నేను బ్లెన్‌హైమ్ అంటాను. అదీ లైసెన్సుతో సహా అయితేనే. ఫిన్లాండ్ యుద్ధకాలంలో 55 బ్లెన్‌హైమ్‌లు సొంతంగా కట్టుకుంది, లేకపోతే మొదటి 18 ఎప్పుడో కరిగిపోయేవి. ఫోకర్‌ని వదులుకోవడం మాత్రం మనసుకి కష్టమే. ఆ నాలుగు నమూనాల ఖర్చుకి, ఆ ఒక్క ఇంజిన్‌కి, ఆ సరస్సుల మీద అది చేసిన చాకిరీకి సాటి లేదు. వేగం లేనిదాన్ని వెలుతురులోకి పంపడానికి ధైర్యం చాలదు, అంతే.

చివరికి రెండూ ఒకే ఏడాది వెళ్లిపోయాయి. యుద్ధం తర్వాత గన్నర్ల గురి కోసం గుడ్డ లక్ష్యాలు లాగుతూ గడిపిన ఆఖరి ఫోకర్ 1958 జనవరిలో కూలింది. అదే ఏడాది మే నెలలో ఆఖరి బ్లెన్‌హైమ్ ఎగిరింది. వాటిలో ఒకటి, బీఎల్-200, టిక్కకోస్కిలోని మ్యూజియంలో ఇప్పటికీ నిలబడి ఉంది.