ప్రోగ్రెస్సా, డ్రాగనా: అంతరిక్ష కేంద్రానికి ఏ సరుకు నౌక మేలు?

తిరుగు లోడు దొరకని లారీకి కిరాయి గిట్టదంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకు చేరవేసే మానవరహిత నౌకలను ఈ లెక్కన తూచితే రష్యా వారి ప్రోగ్రెస్ మొదట్లోనే ఓడిపోతుంది. 1978 జనవరి 20న అప్పటి సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూత్-6కు తొలి నౌక బయలుదేరిన నాటి నుంచీ దాని పని తీరు ఒకటే: సరుకు అప్పగించి, కేంద్రంలోని చెత్త నింపుకొని, వాతావరణంలో కాలిపోవడం. దాని తరువాతి మిర్ అంతరిక్ష కేంద్రం రోజుల్లో రాదుగ అనే చిన్న గుళికను అమర్చి కొన్నిసార్లు 150 కిలోల వరకు కిందికి దించే ఏర్పాటు చేశారు గానీ, అది ఎక్కువ కాలం సాగలేదు. స్పేస్‌ఎక్స్ వారి డ్రాగన్ మాత్రం గడ్డకట్టించిన రక్త నమూనాలను, మరమ్మతు చేయవలసిన పరికరాలను టన్నుల లెక్కన పారాచూట్ల సాయంతో సముద్రంలో దించి, మళ్లీ ప్రయాణానికి సిద్ధమవుతుంది. ప్రయోగశాలలో ఎదురుచూసే శాస్త్రవేత్తకు ఇంతకు మించిన నౌక లేదు.

అయితే సరుకంటే తిండి, బట్టలు, పరికరాలే కాదు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా పలుచని గాలి ఉంటుంది. దాని రాపిడికి కేంద్రం మెల్లమెల్లగా కిందికి జారుతుంది కనుక, అప్పుడప్పుడు దానిని పైకి నెట్టాలి. కేంద్రంలోని రష్యా విభాగమైన జ్వెజ్దా వెనుక అతుక్కున్న ప్రోగ్రెస్ తన ఇంజిన్లతో ఆ పని చేయడమే కాక, అతుకు వద్ద ఉన్న గొట్టాల గుండా ఇంధనాన్ని, దానిని మండించే ఆక్సీకారిణిని కేంద్రం ట్యాంకుల్లోకి పంపుతుంది. అమెరికా నౌకల్లో సిగ్నస్ 2018లో, డ్రాగన్ 2024లో కేంద్రాన్ని నెట్టి చూపాయి. కానీ అవి తమ ఇంధనంతో నెట్టగలవే తప్ప ట్యాంకులు నింపలేవు. ప్రోగ్రెస్ మోసేది మొత్తం రెండున్నర టన్నులే అయినా, దాని విలువను తూకంతో కాక ఈ పనితో కొలవాలని నా అభిప్రాయం.

చేరుకునే విధానంలో నేడు పెద్ద తేడా లేదు. ప్రోగ్రెస్, కొత్త డ్రాగన్ వాటంతటవే అతుక్కుంటాయి. సిగ్నస్‌ను మాత్రం రోబో చేయి పట్టుకోవాలి. 1997 జూన్‌లో ప్రోగ్రెస్ మిర్‌ను ఢీకొని ఒక విభాగానికి చిల్లు పెట్టిన మాట నిజమే గానీ, అప్పుడు దానిని నడిపింది స్వయంచాలక వ్యవస్థ కాదు, దూరం నుంచి చేత్తో నడిపించే పరీక్షలో ఉన్న వ్యోమగామి.

ఇక నమ్మకం సంగతి. 2014 అక్టోబరు 28న ప్రయోగించిన సిగ్నస్, 2015 ఏప్రిల్ 28న ప్రయోగించిన ప్రోగ్రెస్, జూన్ 28న ప్రయోగించిన డ్రాగన్ మూడూ గమ్యం చేరలేదు (తేదీ కలవడం యాదృచ్ఛికమే). ఆ తరువాత వారం రోజుల్లోనే, జులై 5న, కేంద్రానికి సరుకు చేర్చినది మరో ప్రోగ్రెస్.

ఒక్కదానినే ఉంచుకోవలసి వస్తే, కేంద్రం పైన ఉన్నంత కాలం నేను ప్రోగ్రెస్‌నే ఎంచుకుంటాను. కేంద్రాన్ని చివరకు పసిఫిక్‌లోకి దించే పనికి కూడా మొదట కొన్ని ప్రోగ్రెస్‌లనే వాడాలని ఆలోచించారు. 2024 జూన్‌లో నాసా ఆ బాధ్యతను స్పేస్‌ఎక్స్‌కు అప్పగించింది.