హబ్సిగూడలోని ఒక పిల్లల మానసిక వైద్య క్లినిక్: ఏడీహెచ్‌డీ మందుల పర్యవేక్షణపై సమీక్ష

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు) ఉన్న పిల్లలకు మందు రాసే డాక్టర్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు. మందు మొదలుపెట్టాక పిల్లవాడి మనసు ఎలా ఉంటోందో ప్రతిసారీ అడిగి తెలుసుకునేవారు దొరకడమే కష్టం. మా తొమ్మిదేళ్ల అబ్బాయిని చూపిస్తున్న ఈ క్లినిక్‌ను నేను ముఖ్యంగా ఆ ఒక్క విషయంలోనే అంచనా వేస్తున్నాను. వాడి వైద్య వివరాలు ఉన్నందున క్లినిక్ పేరు రాయడం లేదు.

ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాసే ముందు డాక్టరమ్మగారు గుండె జబ్బుల గురించే కాక, మా రెండు కుటుంబాల్లో ఎవరికైనా బైపోలార్ వ్యాధి (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు), భ్రమలు, అదేపనిగా కళ్లు ఆర్పడం, భుజాలు ఎగరేయడం వంటివి ఉన్నాయా అని నిదానంగా అడిగారు. మా అత్తగారు కొంత నొచ్చుకున్నారు గానీ, అవి అడిగి తీరవలసిన ప్రశ్నలే. డోపమైన్, నారెపినెఫ్రిన్ అనే రసాయనాలను నాడీకణాలు వెనక్కి తీసుకోకుండా ఈ మందు ఆపుతుంది. ఏకాగ్రత కుదిరేది అందువల్లనే, కొందరిలో ఆందోళన, చిరాకు, చాలా అరుదుగా లేనివి కనిపించడం, వినిపించడం వంటివి వచ్చేదీ అందువల్లనే. అమెరికాలో 13 నుంచి 25 ఏళ్ల వయసున్న 2,21,846 మందిపై జరిపిన అధ్యయనం 2019లో వెలువడిందనీ, అందులో సుమారు 660 మందిలో ఒకరికి కొత్తగా సైకోసిస్ (వాస్తవానికీ భ్రమకూ తేడా తెలియని స్థితి) కనిపించిందనీ, ఏడీహెచ్‌డీకే ఇచ్చే మరో రకం మందు ఆంఫెటమైన్ వాడినవారిలో 0.21 శాతం ఉంటే మిథైల్‌ఫెనిడేట్ వాడినవారిలో 0.10 శాతమేననీ ఆమె వివరించారు. మా వాడి వయసు పిల్లలు ఆ లెక్కలో లేరన్న సంగతి కూడా తానే చెప్పారు. భయపెట్టకుండా, అలాగని దాచకుండా చెప్పిన ఆ తీరు నాకు నచ్చింది.

అయితే నిత్యం ఎదురయ్యే ఇబ్బందులు ఆ అరుదైనవి కావు. ఉదయం టిఫిన్‌తో వేసిన 10 మిల్లీగ్రాముల ఎస్‌ఆర్ (మందును నెమ్మదిగా విడుదల చేసే) మాత్ర ప్రభావం స్కూలు బస్సు దిగే వేళకు తగ్గుతుంది. అప్పుడు రబ్బరు కనిపించలేదన్న చిన్న విషయానికే వాడు వెక్కి వెక్కి ఏడుస్తాడు, చెల్లెలు పలకరించినా కసురుకుంటాడు. గంట గడిస్తే మామూలైపోతాడు. మందు దిగే వేళ వచ్చే ఈ చిరాకును మొండితనంగా చూడవద్దని ముందే చెప్పి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వేర్వేరు గడులున్న ఒక కాగితం ఇచ్చి, ఏ వేళ ఎలా ఉన్నాడో రాయమన్నారు. ఈ క్లినిక్‌లో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ కాగితమే.

ఇక లోపం. డాక్టరమ్మగారు సెలవులో ఉన్నప్పుడు వారి స్థానంలో వచ్చిన డాక్టరుగారు ఆ కాగితాన్ని చూడకుండా, తరగతిలో ఇంకా మాట్లాడుతున్నాడన్న టీచర్ ఫిర్యాదు చదివి మాత్రను 20 మిల్లీగ్రాములకు పెంచారు. వారం తిరిగేసరికి డైరీలో "చాలా బుద్ధిగా కూర్చుంటున్నాడు" అని టీచర్ మెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం వాడు అన్నం కెలుకుతూ మౌనంగా ఉండేవాడు. బావలు జోకులు వేసుకుంటుంటే పక్కన కూర్చుని చూస్తూ, "నాకు నవ్వు రావట్లేదమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం ఎంతసేపు చేసినా క్లినిక్‌లో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. మర్నాడు రిసెప్షన్‌లో, తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగమన్నారు. మందు దిగే వేళే పిల్లలకు ఇబ్బందులు వస్తాయని తెలిసిన క్లినిక్ సరిగ్గా ఆ వేళకే ఫోన్ పక్కన పెట్టేయడం క్షమించదగిన విషయం కాదు.

డాక్టరమ్మగారు తిరిగి వచ్చాక మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితోనే మాట్లాడారు. మాత్ర వేసుకున్న రోజున నువ్వు నీలాగే ఉంటున్నావా అని అడిగారట. వాడు తల అడ్డంగా ఊపాడట. పిల్లవాడు మొద్దుబారినట్టు ఉంటే మోతాదు ఎక్కువైందేమోనని ముందుగా అనుమానించాలని చెప్పి, మళ్లీ 10కి తగ్గించారు. కొద్ది రోజుల్లోనే వాడి అల్లరి తిరిగి వచ్చింది; టీచర్ ఫిర్యాదులూ వచ్చాయి, వాటికి ముందు బెంచీలో కూర్చోబెట్టమని క్లినిక్ నుంచే ఉత్తరం రాసి ఇచ్చారు.

ఫీజు ఈ ప్రాంతంలో మామూలుగా ఉండేదే. ఇది షెడ్యూల్ ఎక్స్ (అమ్మకంపై కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితా) మందు కనుక చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి మందుల షాపువారు ఉంచుకుంటారు. అన్ని షాపుల్లోనూ దొరకదు. ఏ షాపులో ఉందో రిసెప్షన్‌లోనే కనుక్కుని చెప్పడం మెచ్చుకోవలసిన విషయం.

ఐదుకు మూడున్నర ఇస్తాను. మేము అక్కడికే వెళుతున్నాం, అదీ డాక్టరమ్మగారు ఉన్న రోజు చూసుకుని. కొత్తగా మందు మొదలుపెట్టేవారు మాత్రం సాయంత్రం ఆరు తరువాత ఎవరికి ఫోన్ చేయాలో మొదటి రోజే అడిగి, ఆ నంబరును చీటీ మీదే రాయించుకోవడం మంచిది.