జామ గాలి అంటు: ఒక షూటింగ్, మూడు కట్‌లు – మూడేళ్లు వాడాక

కడియం నర్సరీ మొక్కల వీడియోలకు మూడేళ్లుగా ఇదే పద్ధతి: ఐడియా ఒకటి, షూటింగ్ ఒక్కసారి, కట్‌లు (ఎడిట్ చేసిన వెర్షన్లు) మూడు – యూట్యూబ్ షార్ట్స్, ఇన్‌స్టా, వాట్సాప్‌లకు ఒక్కోటి. ఒకే ఫైలు అన్నిచోట్లా పెట్టడం కంటే పని ఎక్కువే. అయినా మానే ఆలోచన లేదు.

జామ గాలి అంటు, అంటే కొమ్మ చెట్టుకు ఉండగానే దానికి వేర్లు పుట్టించడం, తీసుకోండి. పెన్సిల్ లావు కొమ్మకు అంగుళం మేర చుట్టూ బెరడు తీసి, కింద ఉండే జిగురు పొర గీకి, పిండిన తడి నాచు పెట్టి, పాలిథిన్ బిగించాలి. గీకే షాట్ ఏ కట్‌లోనూ పోకూడదు. అది చూపకపోతే జనం గీకకుండానే కడతారు, బెరడు మళ్లీ కలిసిపోయి వేరు రాదు. వేర్లు చూపడానికి నెలన్నర ముందు కట్టిన మరో కొమ్మ సిద్ధంగా ఉండాలి.

1080×1920లో నిలువుగా, పాటా అక్షరాలూ లేకుండా తీసి దాచాలి. షేడ్ నెట్ (నీడ కోసం కట్టే పచ్చ వల) కింద అంతా పచ్చగా పడుతుంది. తెల్ల కాగితం చూపించి వైట్ బ్యాలెన్స్ (కెమెరా రంగుల సెట్టింగ్) సరిచేశాకే మొదలెట్టండి.

యూట్యూబ్ షార్ట్స్‌కు 45 సెకన్లు చాలు. ముందు వేర్లు, తర్వాత కత్తి. 2024 అక్టోబరు నుంచి 3 నిమిషాల దాకా వీలుంది గానీ, నిమిషం దాటినదాంట్లో కాపీరైట్ క్లెయిమ్ ఉన్న పాట ఉంటే వీడియో బ్లాక్ అవుతుంది. వివరణలో పెట్టిన లింకు నొక్కినా తెరుచుకోదు. పెద్ద వీడియోను ‘రిలేటెడ్ వీడియో’లో జోడించాలి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైన ప్రతిసారీ వ్యూ కిందే లెక్క, కాబట్టి పాత అంకెలతో పోల్చి మురిసిపోవద్దు.

ఇన్‌స్టా రీల్‌కు 20 సెకన్లు. కింది పావు భాగం, కుడి అంచు బటన్ల కింద పోతాయి, అక్షరాలు మధ్యలోనే ఉండాలి. బిజినెస్ ఖాతాకు సినిమా పాటలు చాలావరకు దొరకవు. కత్తి గీకుతున్న చప్పుడే ఉంచండి, పాటకన్నా అదే బాగుంది. వేరే యాప్ ముద్ర (వాటర్‌మార్క్) ఉన్న వీడియోను ఇన్‌స్టా కొత్తవాళ్లకు చూపించదు, అందుకే ముడి ఫైలు దాచమన్నది. ఫేస్‌బుక్‌కూ ఇదే కట్.

ఆర్డర్లు ఎక్కువగా వచ్చేది మాత్రం వాట్సాప్ స్టేటస్ నుంచే. అక్కడ వీడియో నాణ్యత తగ్గి నాచు నల్లటి ముద్దలా కనిపిస్తుంది. దగ్గరి షాట్లు రెండే పెట్టి, మొక్క ఎత్తు, కవరు సైజు, ధర పెద్దగా రాయండి. ఎడిటింగ్ చేసేవాళ్లకు వాట్సాప్‌లో పంపేటప్పుడు, నాణ్యత తగ్గకుండా ఫైలు డాక్యుమెంట్‌గానే పంపాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్కో ఐడియాకు ఎడిటింగే గంటన్నర. కొన్ని యాప్‌లలో తెలుగు ఒత్తులు విడిపోతాయి. ‘వేర్లు’, ‘మొక్క’ రాసి చూశాకే ఫాంట్ ఎంచుకోండి. ధర మారితే స్టేటస్ కట్ మళ్లీ చేయాల్సిందే. మిగతా రెంటిలో ధర అసలు వేయకండి.