ఇంట్లో ఇరుక్కున్న పక్కవాద్యానికి ఏది మేలు: లైవా, పాఠాలా, రికార్డింగా?

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. శ్రీరామనవమి ఏప్రిల్ 2న. కర్ణాటక సంగీత కచేరీల్లో గాయకుడికి పక్కవాద్యంగా వయొలిన్ వాయించే మాలాంటి వాళ్లకి ఆ తొమ్మిది రోజులే ఏడాదిలో పెద్ద పంట. విజయవాడ చుట్టుపక్కల పందిరి వేసిన చోటల్లా ఏదో ఒక పూట పాట కచేరీ ఉంటుంది, కచేరీ ఉంటే పక్కన వయొలిన్ ఉంటుంది. ఆ ఏడాది డైరీలో ఏడు కచేరీలు రాసుకున్నాను. ఏడూ పోయాయి. భద్రాచలంలో రాములవారి కల్యాణమే భక్తులు లేకుండా జరిగింది, ఇక మా పందిళ్ల సంగతి చెప్పేదేముంది.

ముగ్గురం కలిసి ఒక గదిలో కూర్చుని వాయించుకుందామన్నా ధైర్యం చాలలేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ వ్యాలీలో ఆ మార్చి 10న ఒక బృందగానం రిహార్సల్‌కి 61 మంది వస్తే 53 మంది జబ్బు పడ్డారు, ఇద్దరు చనిపోయారు. నోరు తెరిచి పాడటమే ప్రమాదమైన రోజులవి.

గాయకుడికి ఒంటరిగా ఉన్నా పాట ఉంటుంది. పక్కవాద్యానికి పక్కన ఎవరూ లేకపోతే ఏం చేయాలి? ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ నేను నాలుగు దారులు తొక్కాను: ఆన్‌లైన్ లైవ్, ఆన్‌లైన్ పాఠాలు, ఇంటి దగ్గర రికార్డింగ్, ఉత్త సాధకం. ఇల్లు కదల్లేని పరిస్థితి ఎవరికైనా మళ్లీ రావచ్చు. అందుకే దేనివల్ల ఏం మిగిలిందో రాస్తున్నాను.

అందరం ముందు పరుగెత్తింది లైవ్ వైపే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు లాక్‌డౌన్ తొలి రోజుల్లోనే ఫేస్‌బుక్‌లో శ్రోతలు అడిగిన పాటలు పాడి సాయం కోసం డబ్బు పోగు చేశారు. అది చూసి మాకందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆయన్ని ఆ సెప్టెంబరు 25న పోగొట్టుకున్నాం. ఆ వీడియోలు నేను ఇప్పటికీ పూర్తిగా చూడలేను.

కానీ ఆయన దగ్గర ఆ గొంతు ఉంది. నా దగ్గర ఉన్నది ఒకరి పాటని నీడలా వెంబడించే విద్య. హైదరాబాదులో ఉన్న గాయక మిత్రుడితో కలిసి జూమ్‌లో వాయించబోతే మొదటి ఆవర్తనంలోనే, అంటే తాళం ఒక చుట్టు తిరిగేలోపే, ఇద్దరం ఆగిపోయాం. అతను తాళం వేస్తే ఆ దెబ్బ నాకు ఆలస్యంగా వినిపిస్తుంది. దాన్ని పట్టుకుని నేను వాయిస్తే అతనికి అంతకు రెట్టింపు ఆలస్యంగా చేరుతుంది. ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఆగుతూ కాలప్రమాణాన్ని, అంటే పాట వేగాన్ని, ఈడ్చుకుంటూ పోయాం.

కారణం చిన్న లెక్కే. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. వేదిక మీద గాయకుడు నాకు మీటరున్నర దూరంలో ఉంటాడు, ఆ ఆలస్యం చెవికి తెలియదు. వీడియో కాల్‌లో సెకనులో ఏడో వంతు ఆలస్యమైనా అతను యాభై మీటర్ల అవతల కూర్చుని పాడినట్టే. నిమిషానికి 80 దెబ్బల వేగంలో దెబ్బకి నాలుగు స్వరాలు పాడితే ఒక్కో స్వరానికి సెకనులో ఐదో వంతు కూడా ఉండదు. అంటే ఇంచుమించు ఒక స్వరం వెనకబడి వాయించడమే. జామ్యులస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ ఆలస్యాన్ని బాగా తగ్గిస్తాయి. వాటికి ఇద్దరి దగ్గరా వైరుతో వచ్చే మంచి నెట్, హెడ్‌ఫోన్స్, సరైన సౌండ్ కార్డ్ ఉండాలి. మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే మాకు అది కుదరలేదు.

చివరికి ఒంటరిగా రాగాలాపన, ఒక వర్ణం, రెండు కృతులు పెట్టి నాలుగు లైవ్‌లు ఇచ్చాను. మొదటిదానికి జనం బాగానే వచ్చారు. అమెరికా నుంచి, దుబాయ్ నుంచి దండాలు, దీవెనలు పంపారు, వాటి విలువ నాకు తెలుసు. నాలుగోదానికి బంధువులు మిగిలారు. ఒక సంస్థవాళ్లు వాళ్ల పేజీలో వాయించమని పిలిచి సంభావన తర్వాత చూద్దామన్నారు, ఆ తర్వాత అనేది రాలేదు. 2020 డిసెంబరులో మద్రాసు మ్యూజిక్ అకాడమీ కూడా కచేరీలని ఆన్‌లైన్‌లోనే వినిపించింది. పెద్ద సభల వెనక కెమెరాలు, సౌండ్ ఇంజినీర్లు, ఏళ్ల తరబడి కూడిన శ్రోతలు ఉంటారు. ఫోనుకి స్టాండ్ కట్టుకుని కూర్చున్న మనిషి వెనక అవేవీ ఉండవు.

ఇల్లు గడిచింది పాఠాలతోనే, ఇందులో నాకు రెండో మాట లేదు. తెల్లవారి ఆరింటికి డల్లాస్ పిల్లలు, అక్కడ ముందురోజు సాయంత్రం ఏడున్నర. నవంబరులో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటే మన క్లాసు ఏడింటికి మారుతుంది. మొదటిసారి అది తెలియక గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చున్నాను. జూమ్ తంబూరా నాదాన్ని ఫ్యాను చప్పుడు అనుకుని తీసేస్తుంది, దీర్ఘంగా లాగిన వయొలిన్ కమాను నాదాన్నీ మధ్యలో మింగేస్తుంది. సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయించాకే పిల్లల శ్రుతి నిజంగా వినిపించింది. కెమెరా నేల మీద, పక్క నుంచి పెట్టించాలి. మన వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆనుతుంది కాబట్టి ఎదురుగా పెడితే మొహం తప్ప ఏమీ కనపడదు.

పాఠాల్లో పోయేది ఒకటుంది. గురువు, శిష్యుడు కలిసి వాయించడం కుదరదు. నేను వాయిస్తాను, నువ్వు మ్యూట్ తీసి వాయించు, అంతే. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, పక్కన కూర్చున్నప్పుడు అంటుకునేది, దాన్ని అలా ముక్కలు చేసి అందించాల్సి వచ్చింది. రోజుకి ఐదు క్లాసులు చెప్పాక నా కోసం వయొలిన్ పట్టుకోవాలనిపించేది కాదు. డబ్బు వచ్చింది, సంగీతం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఇక రికార్డింగ్. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

గాయకుడు హైదరాబాదులో, మృదంగం విశాఖలో, నేను బెజవాడలో. ముగ్గురం ఒకే శ్రుతి, ఒకే వేగం అనుకున్నాం. ఒక చెవిలో తంబూరా, ఇంకో చెవిలో తాళం దెబ్బ పెట్టుకుని గాయకుడు పాడి పంపాడు. మొదట్లో దాని మీద నేను, ఆ పైన మృదంగం వాయించేవాళ్లం, పాట తేలిపోతున్నట్టుండేది. మృదంగం రెండోది, వయొలిన్ చివరిది అని మార్చాక కాళ్లకింద నేల దొరికింది. కలపడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. ట్రాకు మొదట్లో అందరం ఒక చప్పట కొడితే ఆ చప్పట దగ్గర మూడు ట్రాకులూ సరిపెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నాదం పలచబడవచ్చు, డాక్యుమెంటుగా పంపాలి. గదిలో ప్రతిధ్వని పోవాలంటే బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోవాలి, వెనక కుర్చీల మీద బొంతలు వేయాలి. బెజవాడ మే నెలలో ఫ్యాను ఆపి అలా కూర్చుంటే చెమటకి వేళ్లు తీగ మీద జారిపోయేవి. అందుకని తెల్లవారుజామునే పని కానిచ్చేవాణ్ణి.

మొదటి ట్రాక్ విన్న రోజు అన్నం సహించలేదు. పాతికేళ్లుగా విని వాయించే అలవాటులో ప్రతి సంగతికీ, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే ప్రతి ముక్కకీ, నేను వెంట్రుకవాసి ఆలస్యంగా దిగుతున్నాను. వేదిక మీద మైకుల హోరులో ఆ లోపం ఎవరూ చెప్పలేదు, నాకూ వినపడలేదు. దాన్ని దిద్దుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఈ పద్ధతిలో నష్టం లేకపోలేదు. గాయకుడు తర్వాత ఏం పాడతాడో నాకు ముందే తెలుసు, ఉలిక్కిపడేదేమీ లేదు. అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరంలో ఉలికిపాటు లేకపోతే అది చద్దన్నమే. దానికి మా గాయకుడే దారి చూపాడు. ఖరహరప్రియ రాగంలో ఒక ఆవర్తనం స్వరం పాడి పంపాడు. మర్నాడు నేను జవాబు పంపాను, ఆ మర్నాడు అతను. ఎడుపు, అంటే తాళంలో ఎత్తుకునే చోటు, ఒకటే, తాళం ఒకటే, మిగతాది స్వేచ్ఛ. కచేరీలో జవాబుకి నాకు ఒక్క క్షణమే దొరుకుతుంది కాబట్టి చేతికి అలవాటైన స్వరాల పట్టే వస్తుంది. ఇక్కడ ఒక పగలూ ఒక రాత్రీ దొరికాయి. గిన్నెలు తోముతూ కూడా ఆ ఆవర్తనమే నెమరేసుకునేవాణ్ణి. నలభై రోజులపాటు ఇలా సాగింది. అప్పటిదాకా నా చేతిలో లేని పట్లు ఆ నలభై రోజుల్లో వచ్చాయి.

ఉత్త సాధకం గురించి కొద్దిగా. 2021 మే నెలలో నాకే కరోనా వచ్చి గదిలో ఒంటరిగా ఉన్నాను. గుమ్మం దగ్గర కంచం పెట్టి వెళ్లేవాళ్లు. మొదటి వారం కమాను ఎత్తే ఓపికే లేదు. తర్వాత వయొలిన్ తీగలు ఆనే వంతెన మీద నాదం తగ్గించే మ్యూట్ తగిలించి, పక్క గదికి కూడా వినపడకుండా తొలి పాఠాలైన సరళీ వరుసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయించుకున్నాను. ఒంట్లో బాగాలేనప్పుడు అంతకు మించి అక్కర్లేదు. గాయకులైతే దగ్గు తగ్గేదాకా గొంతుని అసలు ఇబ్బంది పెట్టకూడదు.

ఈ నాలుగింటిలో ఒక్కటీ నప్పనివాళ్లు సన్నాయి, డోలు కళాకారులు. వాళ్ల బతుకు ముహూర్తాల మీద. పెళ్లికి 50 మందే అన్నాక మేళం పిలిచిన ఇళ్లు తక్కువ. లైవ్ పెట్టడానికి, పాఠం చెప్పడానికి చాలామందికి సరైన ఫోన్లే లేవు. వాళ్ల విషయంలో ఏది మేలు అని నేను తూచను. పాఠాల డబ్బు చేతిలో ఉన్నవాళ్లం నెలనెలా కొంత పంపడమే అప్పుడు చేయగలిగింది, అదీ చాలలేదు.

నా మటుకు నాకు తూకం రికార్డింగ్ వైపే మొగ్గుతుంది. అయితే ముందు పాఠాలతో అద్దె, కిరాణా గట్టెక్కాలి. ఆ టెన్షన్ నెత్తిన ఉంటే చెవి పనిచేయదు. గాయకులకైతే లైవ్ నాకంటే బాగా పనికొస్తుంది, వాళ్లు నెలకి రెండు పెట్టుకోవచ్చు. మృదంగం, ఘటం వాళ్లు లైవ్ జోలికి పోకుండా మంచి మైకు ఒకటి కొనుక్కోవడం నయం. మళ్లీ అలాంటి రోజులొస్తే నేను పొద్దున రెండే క్లాసులు పెట్టుకుంటాను, ఐదు కాదు. తెల్లవారుజాము మాత్రం బీరువా తలుపులు తెరిచి, ఫ్యాను ఆపి, అవతలివాళ్ల ఆవర్తనానికి జవాబు కోసం ఉంచుకుంటాను.