ఏడాది డబ్బు ఒకేసారి కట్టకండి: ఇంటర్నెట్ కనెక్షన్‌తో నేను పడ్డ పాట్లు

నిన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన మళ్లీ గొడుగు వేశారు. పసుపు గొడుగు, కింద బల్ల, బల్ల మీద పాంప్లెట్ల కట్ట, కంపెనీ టీషర్టులు వేసుకున్న ఇద్దరు అబ్బాయిలు. "12 నెలలు కడితే 3 నెలలు ఫ్రీ". 2025 జూన్‌లో ఇదే గొడుగు కింద నిలబడి నేను పదివేల ఐదు వందలు కట్టాను. ఆరు నెలలకే లైను ఆగిపోయింది. డబ్బు ఇంతవరకు రాలేదు.

హైదరాబాద్‌లో ఉప్పల్, నాగోల్, రామంతాపూర్ వైపు ఉండేవాళ్లు, ముఖ్యంగా అద్దె ఇళ్లలోకి కొత్తగా దిగినవాళ్లు, ఒక్క ఐదు నిమిషాలు పెట్టి చదవండి. కంపెనీ పేరు రాయట్లేదు. రాసినా మీకు పెద్దగా ఉపయోగపడదు. మీ వీధిలో మిమ్మల్ని ముంచేది కంపెనీ కాకపోవచ్చు, దాని పేరున్న టీషర్టు తొడుక్కున్న లోకల్ ఆపరేటరు, అంటే కంపెనీ తరఫున మన ఏరియాలో కనెక్షన్లు ఇచ్చే ఫ్రాంచైజీ కావచ్చు. ఈ తేడా నాకు ఆరు నెలలకు గానీ తెలియలేదు.

అది స్కూళ్లు తెరిచే వారం. పాపకు ఏడో తరగతి పుస్తకాలు, యూనిఫాం, బస్సు ఫీజు అన్నీ ఒకేసారి. నాకు వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. పాత ఇంట్లో ఉన్న కనెక్షన్ ఈ బిల్డింగులోకి రాదన్నారు. లోపలికి లైను లాగే అవకాశం ఒక్క ఆపరేటరుకే ఉందట, అసోసియేషన్‌తో ఏదో ఒప్పందం. (దాని వెనక కథ వేరే ఉంది, అది ఇంకోసారి.) సరే, గొడుగు దగ్గరికి వెళ్లాను.

200 ఎంబీపీఎస్ స్పీడు, నెలకు 699. ఏడాదికి 8,388. అది జీఎస్టీ లేని రేటు. 18 శాతం కలిపితే 9,898 అవుతుంది. పాంప్లెట్‌లో 699 అరచెయ్యంత ఉంది, "పన్నులు అదనం" అన్నది చీమ తలకాయంత ఉంది. నేను ఫోన్‌లో లెక్కేసి చూపిస్తే ఆ అబ్బాయి గొంతు తగ్గించి, "బిల్లు వద్దనుకుంటే తొమ్మిది వేలు ఇవ్వండి సార్, మీరు కాబట్టి" అన్నాడు. నా తప్పు ఇక్కడే మొదలైంది. 898 రూపాయలు మిగిలాయని లోపల్లోపల సంబరపడ్డాను. రూటర్ డిపాజిట్ 1,500, "కనెక్షన్ తీసేసినప్పుడు వాపస్". స్కాన్ చేస్తే స్క్రీన్ మీద ఎవరో మనిషి పేరు వచ్చింది. చూశాను కూడా. ఓనరు పేరేమోలే అనుకుని పిన్ కొట్టేశాను.

నెల తిరగ్గానే వచ్చేది కేవలం ఒక వాట్సాప్ మెసేజ్, "యువర్ ప్లాన్ ఈజ్ యాక్టివ్" అని, అది కూడా ఆపరేటరు నంబరు నుంచి. కంపెనీ యాప్ వేసుకుని నా ఫోన్ నంబరుతో లాగిన్ అవుదామంటే "ఈ నంబరుతో అకౌంట్ లేదు" అంటుంది. అడిగితే "అది అప్‌డేట్ కావాలె సార్, టైం పడతది" అన్నారు. నేనూ పట్టించుకోలేదు. నెట్ వస్తోంది కదా.

ఇక స్పీడు సంగతి. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇలాంటిది చాలా ఇళ్లలో ఉండి ఉంటుంది. 200 తీసుకున్నాను కదా, ఫోన్‌లో టెస్టు పెడితే 40. టెక్నీషియన్‌ని పిలిస్తే రెండు రోజులకు వచ్చి, "మీరు 2.4 మీద ఉన్నరు సార్, 5 అని రాసి ఉన్నదానికి కలపండి" అన్నాడు. అది నిజమే, అతని తప్పు లేదు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది కానీ స్పీడు తక్కువ. 5 గిగాహెర్ట్జ్ స్పీడు ఎక్కువ, రెండో గదిలోకి పోయేసరికి నీరసపడుతుంది. మార్చాక 94 వచ్చింది. పొద్దున 94, మధ్యాహ్నం 94, రూటర్ పక్కనే కూర్చున్నా 94. మళ్లీ పిలిస్తే ఈసారి "లైను క్లియర్‌గనే ఉంది సార్, మీ ఫోనే పాతది" అని వెళ్లిపోయాడు.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కరెంటు వాళ్లు స్తంభాల మీద వేలాడే కేబుళ్లు ఎక్కడికక్కడ తెంపేశారు. మా వీధిలో కూడా కట్టలు కట్టలు కింద పడ్డాయి. తొమ్మిది రోజులు నెట్ లేదు. దానికి ఆపరేటర్ని తప్పు పట్టను, మనుషుల ప్రాణాలు పోయాయి, ఆ కేబుళ్లు ఏళ్ల తరబడి అలా వేలాడటమే తప్పు. కానీ ఆ తొమ్మిది రోజుల వ్యాలిడిటీ ఏమైందని అడిగితే, "ఏడాది ప్లానే కదా సార్, ఆఖర్న కలుపుతం" అన్నాడు. ఆఖరు అనేది వస్తే కదా.

దసరాకు మా బామ్మర్ది చెన్నై నుంచి వచ్చాడు. నెట్‌వర్కింగ్ పనే అతనిది. పండగ భోజనం చేసి, ఆకూ వక్కా నములుతూ టీవీ దగ్గరికి పోయి, "బావా, ఎప్పుడు చూసినా 94 అంటే అది వైరు మాట్లాడుతున్నట్టు" అన్నాడు. ఫైబర్ వచ్చి చేరే తెల్ల డబ్బా ఒకటి, దాని నుంచి రూటర్‌కి జానెడు వైరు ఒకటి ఉంటాయి కదా. ఆ వైరు పీకి దాని చివర ఉండే పారదర్శకపు ప్లాస్టిక్ పిన్నును లైటుకు ఎదురుగా పెట్టి చూపించాడు. లోపల ఎనిమిది రంగుల తీగలు ఉండాలి. నాలుగే ఉన్నాయి. మిగతా నాలుగింటిని మొదట్లోనే కత్తిరించి వెనక్కి మడిచారు. నాలుగు తీగలతో 100 దాటదు, అందులో డేటాతో పాటు పోయే అదనపు సమాచారం పోను 94, 95 వస్తుంది. 100 దాటిన ప్లానుకు ఎనిమిదీ కావాలి. మీరు ఇప్పుడే లేచి మీ ఇంట్లో చూసుకోవచ్చు, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, కళ్లు చాలు.

షాపుకు పోయి రెడీమేడ్ వైరు తెచ్చి పెట్టాడు. టెస్టు పెడితే 98. నేను నవ్వాను. అతను నవ్వలేదు. "వైరు సరిపోయింది, ఇప్పుడు ప్లాన్ దగ్గర ఆగుతోంది. నీది 200 కాదు బావా" అన్నాడు. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, అందులో ఉన్న లాగిన్ పేరు కాగితం మీద రాసిచ్చి, ఆపరేటరుకు కాకుండా నేరుగా కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయించాడు.

అవతలి అమ్మాయి చదివి చెప్పింది: 100 ఎంబీపీఎస్ ప్లాన్, నెలకు 499, ఒక నెల వ్యాలిడిటీ, 11వ తేదీతో అయిపోతుంది. పేరు నాదే. రిజిస్టర్డ్ మొబైల్ నంబరు మాత్రం ఆపరేటరుది. అంటే కంపెనీ పంపే మెసేజ్‌లు, ఓటీపీలు అన్నీ అతనికే పోతున్నాయి. నా దగ్గర ఏడాదికి వసూలు చేసి, కంపెనీకి నెలనెలా తక్కువ ప్లాన్ రీచార్జ్ చేస్తూ మిగతాది చేతిలో తిప్పుకుంటున్నాడు. చిట్టీ పాడి ఎత్తుకున్నట్టు.

వెళ్లి అడిగితే ఏమాత్రం తడబడలేదు. "నెలనెలా మేమే చేస్తం సార్, మీకెందుకు టెన్షన్? స్పీడు రేపే పెంచుతం." అప్పుడే గట్టిగా పట్టుకోవాల్సింది. పండగ రోజులు, ఇంట్లో చుట్టాలు, వదిలేశాను. డిసెంబర్ 12న పొద్దున లేచేసరికి నెట్ లేదు. ఆపరేటరు ఫోన్ స్విచాఫ్. ఆఫీసు అని చెప్పే మడిగెకు తాళం. వారం తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆయన ఈ ఏరియా కనెక్షన్లన్నీ ఇంకో ఆపరేటరుకు అమ్ముకుని వెళ్లిపోయాడు. కొత్తాయన "పాత డబ్బుతో మాకు సంబంధం లేదండీ, కొత్తగా కట్టాలి" అన్నాడు. పైగా "ఆ బాక్సు మాది, ఇచ్చేయండి" అని మనిషిని పంపాడు. డిపాజిట్ ఇచ్చి తీసుకుపొమ్మన్నాను. డబ్బా ఇంకా అల్మారాలోనే ఉంది.

కంపెనీ లెక్క ఇది: జీఎస్టీతో కలిపి నెలకు 589 చొప్పున ఆరు నెలలు, 3,534 రూపాయలు తమకు చేరాయి, ఆ మేరకు సేవ ఇచ్చేశాం. మిగతా 5,466, డిపాజిట్ 1,500, మొత్తం 6,966 "మీకూ ఫ్రాంచైజీకీ మధ్య వ్యవహారం". నా దగ్గర ఏముంది? ఎవరో మనిషి పేరుకు వెళ్లిన యూపీఐ స్క్రీన్‌షాట్, "15 నెలలు కన్ఫర్మ్ సార్" అన్న ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్. బిల్లు లేదు. బిల్లు వద్దన్నది నేనే. 898 రూపాయలకు ఆశపడ్డ ఫలితం.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అందరూ "ట్రాయ్‌కి కంప్లైంట్ పెట్టు" అంటారు. ట్రాయ్ అంటే టెలికాం కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ, అది ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు, రూల్స్ మాత్రమే పెడుతుంది. ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోవాలి. అది లేకుండా అప్పీలుకు వెళ్లలేరు. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీలేట్ అథారిటీ ఉంటుంది, దానికి అప్పీలు పెట్టుకోవచ్చు, ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. నాకు అక్కడ వచ్చింది ఒక నెల 100 ఎంబీపీఎస్ ఉచితం అన్న బిచ్చం. వద్దన్నాను. 1915 నంబరు, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కూ చెప్పాను, వాళ్లు కంపెనీకి పంపారు, కంపెనీ అదే జవాబు ఇచ్చింది.

ఇప్పుడు వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. టెలికాం గొడవలు కమిషన్ వినకూడదని కంపెనీలు చాలాకాలం వాదించేవి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినొచ్చని తేల్చేసింది. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కట్టిన వాటికి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది. టీషర్టు మీద పేరు కంపెనీది, పాంప్లెట్ మీద లోగో కంపెనీది, డబ్బు పోయినప్పుడు మాత్రం కంపెనీకి సంబంధం లేదంటే ఎలా అన్నదే నా వాదన. ఏమవుతుందో చూడాలి.

కొత్తగా తీసుకునేవాళ్లు మాత్రం మొదట ఒక్క నెలకే కట్టండి. మూడు నెలలు ఫ్రీ అనే మాటకు చెవి ఒగ్గకండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు అసలే వద్దు, ఓనరు ఖాళీ చేయమంటే ఆ పదిహేను నెలలు ఎక్కడికి మోసుకుపోతారు? డబ్బు కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో కట్టండి. అబ్బాయి "నేను కట్టేస్తాను, నాకు పంపండి" అంటే వద్దనండి, మొహమాటపడకండి. లైను వేసిన రోజు టెక్నీషియన్ ఇంట్లో ఉండగానే మీ సొంత నంబరుతో యాప్‌లోకి లాగిన్ అయి ప్లాన్ పేరు, స్పీడు, చివరి తేదీ చూసుకోండి. లాగిన్ కాకపోతే అతన్ని పంపకండి, టీ ఇచ్చి కూర్చోబెట్టండి. డిపాజిట్‌కు రసీదు తీసుకోండి.

స్పీడు గురించి పెద్ద తాపత్రయం అక్కర్లేదు. 200 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 200 ఎంబీ సినిమా దిగుతుందని కాదు, ఎనిమిదితో భాగిస్తే 25 ఎంబీ. నలుగురున్న ఇంటికి 100 దండిగా సరిపోతుంది, నాకు దసరా దాకా తెలియకుండానే సరిపోయింది కదా! అన్‌లిమిటెడ్‌కు కూడా చాలా ప్లాన్లలో నెలకు 3,300 జీబీ పరిమితి ఉంటుంది, మామూలు ఇల్లు అంత వాడలేదు కాబట్టి దానికి భయపడొద్దు. అడగాల్సింది వేరే ఉంది: మీ బ్లాకులోనే, మీ అంతస్తులోనే ఎవరికైనా ఈ కనెక్షన్ ఉందేమో కనుక్కుని, రాత్రి తొమ్మిదింటికి వాళ్లింట్లో ఎలా వస్తోందో అడగండి. పగలు పదకొండింటికి ఎవరిదైనా బాగానే వస్తుంది.

నిన్న నేను కూరగాయలకని కిందికి దిగేసరికి మూడో అంతస్తు ఆంటీ గొడుగు కింద ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు, క్యూఆర్ ముందు. "ఆంటీ, స్కాన్ చేయండి, కట్టకండి, పేరు ఎవరిది వస్తుందో చదవండి" అన్నాను. ఆవిడ కళ్లజోడు పైకి జరిపి చదివారు. ఎవరో మనిషి పేరు. ఈసారి వేరే మనిషి. ఆంటీ ఫోన్ పర్సులో వేసుకున్నారు. ఆ అబ్బాయి నన్నొకసారి చూసి, ఆవిడ వైపు తిరిగి, "పోనీ నెలకే తీసుకోండి మేడమ్, యాప్‌ల కట్టండి, అట్ల కూడా ఉంది" అన్నాడు.