పిల్లలతో వంట: బిస్కెట్లా, వెన్నా, ఐస్‌క్రీమా, బ్రెడ్డా – ఏది మేలు?

సెలవు రోజు పిల్లలతో కలిసి ఏదైనా వండుదామని ఉత్సాహంగా మొదలుపెడతాం. పావుగంట తిరిగేసరికి పిండి కలిపేది మనమే, గిన్నెలు కడిగేది మనమే. పిల్లలేమో పక్క గదిలో. మధ్యమధ్యలో "అయిపోయిందా?" అని ఒక కేక. మా ఇంట్లో చాలాసార్లు జరిగింది ఇదే. తప్పు పిల్లలది కాదు, నేను ఎంచుకున్న వంటది. రుచి చూసి ఎంచుకున్నాను గానీ, అందులో పిల్లల చేతికి పనెంత ఉంది, ఖాళీగా ఎంతసేపు కూర్చోవాలి అన్నది చూసుకోలేదు.

ఇప్పుడు ముందు ఆ రెండే చూస్తున్నాను. మా అమ్మాయికి 9 ఏళ్లు, బాబుకు 5. ఇద్దరితోనూ చేసి చూసినవాటిని పక్కపక్కన పెట్టి చెబుతాను.

బిస్కెట్లతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ మొదలుపెట్టేది వాటితోనే. నన్నడిగితే వాటికున్న పేరు కాస్త ఎక్కువే. కొలత మాత్రం చక్కనిది: చక్కెర 1 వంతు, వెన్న 2 వంతులు, మైదా 3 వంతులు, అన్నీ తూకంలో. గుడ్డు అక్కర్లేదు. 100, 200, 300 గ్రాములు అనుకుంటే, "మన దగ్గర వెన్న 150 గ్రాములే ఉంది, మిగతావి ఎంతెంత వేయాలి?" అని అడగొచ్చు. మా అమ్మాయి నోట్‌బుక్‌లో చేయని లెక్క ఇక్కడ చేసింది. కానీ ఆ తర్వాత? పిండి ముద్ద ఫ్రిజ్‌లో అరగంట గట్టిపడాలి. అచ్చులతో కోయడం 10 నిమిషాల సరదా. మూడో ట్రే వచ్చేసరికి పిండి మెత్తబడి చేతికంటుకుంటుంది, నక్షత్రాల కొమ్ములు విరుగుతాయి, ఏడుపు మొదలవుతుంది. 180 డిగ్రీల ఓవెన్ దగ్గరికి పిల్లల్ని రానివ్వం కాబట్టి అక్కడి పనంతా మనదే. గంటన్నరలో వాళ్లు చేసింది 20 నిమిషాలు. పైగా పచ్చి పిండి నోట్లో వేసుకోకుండా కాపలా ఒకటి. గుడ్డు లేదు కదా, ఏమవుతుందిలే అనుకుంటాం గానీ, పచ్చి మైదాలో కూడా ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. అది చచ్చేది కాలిస్తేనే.

వెన్న దీనికి పూర్తిగా ఎదురు. పొయ్యి లేదు, కత్తి లేదు, కొలత కూడా లేదు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు దాకా క్రీమ్ పోసి ఊపడమే. (గాజు సీసా వద్దు. ఎందుకో ఒకసారి చేతిలోంచి జారాక మీకే తెలుస్తుంది.) క్రీమ్‌లో కొవ్వు 35 శాతమో అంతకన్నా ఎక్కువో ఉండాలి. తక్కువ కొవ్వు ఉన్నది, చిక్కదనం కోసం ఏవేవో కలిపినది తెస్తే చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక కాసేపు బయట ఉంచితే తొందరగా వెన్న కడుతుంది.

ఇందులో నాకు నచ్చేది చప్పుడు. మొదట్లో సీసాలో క్రీమ్ గలగలలాడుతుంది. నాలుగైదు నిమిషాలకు చప్పుడు ఆగిపోతుంది, ఊపుతున్నా లోపల ఏమీ కదలదు. అప్పుడది నురగ కట్టిన క్రీమ్, గాలి బుడగలు పట్టేసుకుని ఉంటాయి. పిల్లలు వదిలేసేది సరిగ్గా ఇక్కడే, "ఏం రావట్లేదు" అని. ఇంకో ఐదారు నిమిషాలు పట్టుపట్టి ఊపితే ఉన్నట్టుండి లోపల ఒక ముద్ద దబ్బుమని తగులుతుంది, చుట్టూ పల్చని మజ్జిగ. పాలలో కొవ్వు చిన్నచిన్న బొట్లుగా ఉంటుంది, ఒక్కోదాని చుట్టూ పల్చటి పొర. ఊపుడికి ఆ పొరలు చిరిగి బొట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కవ్వం చేసే పని కూడా అదే. 250 మిల్లీలీటర్ల క్రీమ్‌కు 100 గ్రాముల చుట్టూ వెన్న వస్తుంది. దాన్ని చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు పిసికి కడగాలి. మజ్జిగ మిగిలితే తొందరగా పులుస్తుంది. ఈ కడగడం మా బాబుకు ఎంత ఇష్టమంటే, వెన్న కన్నా ఎక్కువ.

దీనిలో లోపం ఒకటే, 20 నిమిషాల్లో అయిపోతుంది. 9 ఏళ్ల పిల్లకు రెండోసారి చేయడానికి అందులో కొత్తేమీ ఉండదు.

ఐస్‌క్రీమ్ కూడా ఊపే పనే. పేరులోనే ఆకర్షణ ఉంది కాబట్టి పిల్లల్ని బతిమాలక్కర్లేదు. చిన్న జిప్ కవర్లో ఒక కప్పు పాలు, క్రీమ్ కలిపినది, 2 టేబుల్‌స్పూన్ల చక్కెర, కాస్త వెనీలా. గాలి తీసి మూసి, ఇంకో కవర్లో పెట్టి మళ్లీ మూయాలి. పెద్ద కవర్లో 4 కప్పుల ఐస్ ముక్కలు, అరకప్పు రాళ్ల ఉప్పు వేసి, చిన్నదాన్ని అందులో పెట్టి 10 నిమిషాలు ఊపాలి. నేను మొదటిసారి లోపల ఒకే కవర్ వాడాను. అది కారి ఉప్పటి ఐస్‌క్రీమ్ వచ్చింది. పిల్లలు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

ఉప్పెందుకు? ఇది తప్పకుండా అడుగుతారు, అడగకపోతే అడిగించాలి. ఒక కవర్లో ఉప్పు వేసి, ఇంకోదాంట్లో వేయకుండా ఇద్దరికీ ఇవ్వండి. ఉప్పు లేనిది ఎంత ఊపినా పాలుగానే ఉంటుంది. చక్కెర కరిగిన పాలు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి పోవాలి. మామూలు ఐస్ కరిగేది సున్నా దగ్గర, అది చాలదు. ఉప్పు తగిలితే ఐస్ సున్నాకు కిందే కరుగుతుంది. కరగడానికి కావాల్సిన వేడిని పక్కనున్న పాల నుంచి లాక్కుంటుంది. ఉప్పూ ఐసూ సరైన పాళ్లలో కలిస్తే మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలవు. వంటింటి కవర్లో అంత కాదు గానీ, పాలు గట్టిపడటానికి సరిపడా చల్లబడతాయి. తమాషా ఏమిటంటే లోపలి కవర్లో చక్కెర చేసే పనే బయటి కవర్లో ఉప్పు చేస్తోంది: గడ్డకట్టే స్థాయిని కిందికి దించడం. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఐస్‌క్రీమ్ చేసిందీ ఇలాగే. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ పేటెంట్ తీసుకున్న చేతి మరలోనూ బయటి బకెట్లో ఐసూ ఉప్పే.

ఒక జాగ్రత్త. ఈ కవర్‌ని ఉత్త చేతులతో పట్టుకోనివ్వకండి. ఉప్పు కలిసిన ఐస్ చర్మాన్ని కాల్చినట్టే దెబ్బతీస్తుంది. మందపాటి తువ్వాలు చుట్టి ఇవ్వాలి.

వెన్న, ఐస్‌క్రీమ్ పక్కపక్కన పెడితే నా ఓటు పిల్లల సంఖ్యను బట్టి మారుతుంది. ఒకరిద్దరు, అందులోనూ 5 ఏళ్లలోపు వాళ్లయితే వెన్నే. చల్లటి కవర్లతో, ఉప్పు నీళ్లతో చిన్నవాళ్లు విసిగిపోతారు. స్నేహితులు ఐదారుగురు వచ్చి ఇల్లు పీకి పందిరేస్తున్నారంటే ఐస్‌క్రీమ్‌కు సాటిలేదు. ఎవరి కవర్ వాళ్లదే, వరసలో నిలబడే పని లేదు. కాకపోతే తలకు 4 కప్పుల ఐస్ అంటే ముందు రోజు నుంచే ఫ్రీజర్ నింపుకోవాలి. మిగిలిన ఉప్పునీళ్లు మొక్కలకు పోయకండి, చస్తాయి.

చక్కెర పాకంలో దారం వేలాడదీసి కలకండ చేయడం గురించి ఒక్క మాట. చూడ్డానికి అద్భుతం, చేయడానికి పిల్లలకు ఏమీ లేదు. మరిగే పాకం నీళ్ల కన్నా వేడిగా ఉంటుంది, మీద పడితే చర్మానికి అంటుకుపోతుంది. పొయ్యి దగ్గర పనంతా పెద్దవాళ్లదే, ఆ తర్వాత వారం రోజులు చూస్తూ కూర్చోవడం. రోజూ స్కేలు పెట్టి కొలిచి రాసుకునే ఓపిక ఉన్న పిల్లలుంటే తప్ప నేను చెప్పను.

ఇక బ్రెడ్. దీని జోలికి చాలామంది వెళ్లరు, ఆలస్యమని, కుదరదేమోనని టెన్షన్. కానీ పిల్లల చేతికి పని అన్న లెక్కలో దీన్ని మించింది నాకు దొరకలేదు. మైదా 500 గ్రాములు, నీళ్లు 320 మిల్లీలీటర్లు, డ్రై ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 9 గ్రాములు. ఇంతే. నీళ్లు మణికట్టు మీద పోసుకుంటే గోరువెచ్చగా తగలాలి. 60 డిగ్రీల వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది. "చచ్చిపోతుందా? అది బతికుందా?" అని మా బాబు కళ్లు పెద్దవి చేశాడు. బతికే ఉంది మరి. పులియబెట్టేది ప్రాణమున్న ఈస్టేనని లూయీ పాశ్చర్ 1850ల్లో ప్రయోగాలు చేసి చూపించాడు. మా ఇంట్లో దాన్ని చూపించింది ఒక బెలూన్. చిన్న సీసాలో గోరువెచ్చటి నీళ్లు, చెంచా చక్కెర, చెంచా ఈస్ట్ వేసి మూతికి బెలూన్ తొడిగాం. అరగంటలో అది నిక్కి నిలబడింది. ఈస్ట్ చక్కెర తిని వదిలిన కార్బన్ డయాక్సైడ్ అది.

తర్వాత పిసకడం. 10 నిమిషాలు పిండిని తొయ్యాలి, మడవాలి, కొట్టాలి. పిల్లల్ని కొట్టుకోమని మనమే చెప్పే సందర్భాలు ఎన్ని ఉంటాయి? మొదట పిండి అంటుకుని చిరాకు పెడుతుంది, తర్వాత నున్నగా సాగుతుంది. చిన్న ముక్కను రెండు చేతులతో సాగదీసి కిటికీ వైపు పెడితే, తెగకుండా వెలుతురు కనిపించేంత పల్చబడాలి. మా అమ్మాయి దాన్ని పరీక్షలా తీసుకుని మూడుసార్లు ఫెయిలై నాలుగోసారి పాసైంది. పొంగిన పిండిని గుద్ది గాలి తీసే పని మాత్రం తమ్ముడిది, దాని మీద గొడవే లేదు. తర్వాత ఎవరి ముద్ద వాళ్లకు, తాబేలో పామో ఏదో ఒకటి. చిన్న ముద్దలైతే 220 డిగ్రీల్లో 15 నిమిషాలు చాలు. బయటికి తీసి కాస్త ఆరాక తిరగేసి అడుగున వేలితో కొడితే డొల్లగా మోగాలి. ఓవెన్ లేకపోతే అదే పిండిని పల్చగా ఒత్తి, మందపాటి పెనం మీద మూతపెట్టి సన్న సెగన రెండు వైపులా కాల్చుకోవచ్చు.

దీని లోపం ఎదురుచూపు. పిండి రెట్టింపు అవ్వడానికి గంట, ముద్దలు చేశాక ఇంకో అరగంట. చల్లటి రోజైతే ఇంకా ఎక్కువ. ఆ గంటలోనే పిల్లలు చేజారిపోతారు.

అందుకే ఇప్పుడు పొద్దున్నే పిండి కలిపి పెట్టి, అది పొంగేలోపు క్రీమ్ సీసా వాళ్ల చేతికిస్తున్నాను. బ్రెడ్ ఓవెన్‌లోంచి వచ్చేసరికి వెన్న కడిగి గిన్నెలో సిద్ధంగా ఉంటుంది. పావుగంటైనా చల్లారితే గానీ బ్రెడ్ కోయకూడదు, లోపల ఇంకా జిగురుగా ఉంటుంది. మా ఇంట్లో ఆ పావుగంట ఎప్పుడూ పూర్తి కాలేదు.